థార్‌కి కొన్ని మార్పులు చేయించాను, ఏజెన్సీ కొండ దారుల్లోకి తీసుకెళ్లొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది 2022 థార్, డీజిల్, మాన్యువల్ గేర్లు, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే రకం). కొన్నాక ఆల్ టెరైన్ టైర్లు (తారుకీ మట్టికీ పనికొచ్చేవి), 2 అంగుళాల లిఫ్ట్ (బాడీని ఎత్తు లేపే మార్పు), స్నార్కెల్ (ఇంజిన్‌కి పైనుంచి గాలి తెచ్చే గొట్టం) వేయించారు, టాప్ మీద ఎల్ఈడీ బార్ పెట్టించారు. ఆగస్టులో సెలవులు కలిసొచ్చాయని ఇద్దరు స్నేహితులతో రాజమండ్రిలో బయల్దేరి, మారేడుమిల్లి మీదుగా సీలేరు, చింతపల్లి, పాడేరు వైపు తారు లేని కొండ దారులు పట్టుకుని తిరగాలనుకుంటున్నారు. ఇప్పుడున్న బండి సరిపోతుందా, లేక వించ్ (మోటారుతో తాడు చుట్టి బండిని లాగే యంత్రం), మడ్ టైర్లు (బురద కోసం పెద్ద గళ్లున్నవి) కూడా వేయించాలా అన్నది మీ సందేహం.

బండి సరిపోతుంది. కానీ ఆగస్టులో, అదీ ఒక్క బండితో అయితే వెళ్లకండి. వించ్, మడ్ టైర్లు ఇప్పుడే కొనొద్దు. డిసెంబరు సగం దాటాక, ఇంకో ఫోర్ బై ఫోర్ తోడు దొరికితే, మీరు అనుకుంటున్న దారుల్లో చాలా భాగం మీ థార్ ఇప్పుడున్నట్టుగానే దాటేస్తుంది.

నేను విశాఖలో ఉంటాను, సొంతూరు నర్సీపట్నం దగ్గర. ఆ కొండల్లో పదహారేళ్లుగా తిరుగుతున్నాను. మొదట పాత ఎంఎం 540, తర్వాత పాత థార్ సీఆర్‌డీఈ, 2021 నుంచి మీలాంటి థారే. ఈ మూడింటిలోనూ ఇరుక్కున్నాను. ఏ ఒక్కసారీ ఫలానా సామాను బండికి లేకపోవడం వల్ల ఇరుక్కోలేదు. వెనక్కి ఎలా వస్తామన్నది చూసుకోకుండా ముందుకు పోవడం వల్లే ఇరుక్కున్నాను.

షోరూం నుంచి వచ్చిన థార్‌నే ఒకసారి చూడండి. ముందు బంపరు తగలకుండా 41 డిగ్రీల పైచిలుకు మిట్ట ఎక్కుతుంది. వెనక 36 డిగ్రీల పైన, పొట్ట కింద 27. నేల నుంచి ఎత్తు 226 మిల్లీమీటర్లు, నీళ్లలో 650 మిల్లీమీటర్ల దాకా అని కంపెనీ లెక్క. ఫోర్ లోలో, అంటే నాలుగు చక్రాలకీ పవర్ ఇస్తూ నెమ్మదిగా నడిపే గేరులో, బలం దాదాపు రెండున్నర రెట్లు పెరుగుతుంది. మన తూర్పు కనుమల్లో మనుషులు వాడే దారి ఏదైనా ఈ అంకెలు దాటడం చాలా అరుదు. దాటిందంటే అది దారి కాదు, వాన నీళ్లు కోసుకుపోయిన కాలువ.

మీకు నచ్చకపోయినా, ముందు లిఫ్ట్ గురించి చెప్పాలి. అందరూ మొదట వేయించేది అదే, అందరూ తప్పుగా అర్థం చేసుకునేదీ అదే. థార్ వెనక యాక్సిల్ ఒకే గట్టి కడ్డీ. దాని మధ్యలో గుండ్రంగా ఉబ్బి కనిపించేది డిఫరెన్షియల్, రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల డబ్బా. యాక్సిల్‌ని మోసేది టైరు. స్ప్రింగ్ ఉండేది యాక్సిల్‌కి, చాసిస్‌కి మధ్యన. అంటే లిఫ్ట్ వేస్తే బాడీ లేస్తుంది గానీ వెనక డిఫరెన్షియల్ నేల నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఎత్తు ఒక్కటే. అక్కడా లెక్క చూడండి. కంపెనీ సైజు 255/65 ఆర్18 టైరు ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు. దాన్ని తీసి 265/65 ఆర్18 వేస్తే 802 అవుతుంది. తేడా 13, అందులో యాక్సిల్ లేచేది సగమే, ఆరున్నర మిల్లీమీటర్లు. మన చిటికెన వేలంత మందం కూడా లేదు.

చింతపల్లి పైన ఒక గూడెం దారిలో నాకు ఈ పాఠం దొరికింది. అప్పుడు నా బండికి కూడా 2 అంగుళాల లిఫ్ట్ ఉండేది. ఆ దారిలో జీపులు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడి పడింది, మధ్యలో గట్టు మిగిలింది. నేను ధీమాగా గాడిలోనే పోనిచ్చాను. ముప్పై అడుగులు కూడా పోలేదు, వెనక డిఫరెన్షియల్ ఆ గట్టు మీద కూర్చుంది. నాలుగు చక్రాలూ ఖాళీగా తిరుగుతున్నాయి, బండి మాత్రం పడవలా నిలబడింది. గడ్డపారతో మధ్య గట్టు తవ్వడానికి రెండు గంటలు పట్టింది. గాడిలో కాకుండా ఒక చక్రం గట్టు మీద, ఇంకొకటి పక్క అంచు మీద వేసుకుని వెళ్తే రెండు నిమిషాల పని అది. నా వెనకే వచ్చిన స్నేహితుడు ఏ మార్పూ లేని బండిని అలాగే దాటించి, తవ్వుతున్న నాకు మంచినీళ్ల సీసా అందించాడు.

లిఫ్ట్ వల్ల లాభం లేదని కాదు. పొట్ట, ముందు బంపరు, వెనక బంపరు తగలడం తగ్గుతుంది. ముందు వైపు డిఫరెన్షియల్ చాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి అదీ కొంచెం లేస్తుంది. కానీ దానితో పాటు ముందు డ్రైవ్ షాఫ్టుల కోణం పెరిగి సీవీ జాయింట్లు (ఆ షాఫ్టులు వంగే కీళ్లు), వాటి రబ్బరు బూట్లు త్వరగా అరుగుతాయి. స్పేసర్ రకం (పాత స్ప్రింగ్‌కే దిమ్మ పెట్టి ఎత్తు పెంచే) లిఫ్ట్ అయితే చక్రం కిందికి వేలాడే పరిధి తగ్గుతుంది, అంటే గుంతలో చక్రం నేలని వెతుక్కోవడం తగ్గుతుంది. బరువు పైకి పోతుంది కాబట్టి పక్కకి వాలిన దారిలో బండి తిరగబడే భయం పెరుగుతుంది. వేయించేశారు కాబట్టి ఇప్పుడు పీకించక్కర్లేదు. వీల్ అలైన్‌మెంట్ చేయించండి, ముందు చక్రాల దగ్గర రబ్బరు బూట్లు చిరిగాయేమో ప్రతి ట్రిప్ తర్వాత వంగి చూడండి, పక్క వాలు దారిలో మాత్రం మీ బండిని ఇదివరకటి బండి అనుకోకండి.

మీరు చేయించినవాటిలో నిజంగా పనికొచ్చేది టైర్లు. అయితే గాలి తగ్గించకుండా నడిపితే వాటికి పెట్టిన డబ్బు సగం వృథా. ఊళ్లో 32 పీఎస్ఐ (టైరు గాలి కొలత) పెట్టుకుని తిరిగే టైరు రాయి మీద బంతిలా ఎగురుతుంది. అదే 18కి తగ్గిస్తే రాయిని చుట్టుకుంటుంది. గాలి తగ్గితే టైరు వెడల్పవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నేలకి ఆనే భాగం ఎక్కువగా పొడవులో పెరుగుతుంది, యుద్ధ ట్యాంకు పట్టీలా. నా లెక్క ఇది: గులకరాళ్ల అడవి దారికి 24, పెద్ద రాళ్లకీ బురదకీ 18 నుంచి 20. 15 కంటే కిందికి నేనైతే పోను. పక్కకి తోసినప్పుడు టైరు రిమ్ము మీంచి ఊడి వచ్చేస్తుంది. గాలి తగ్గించాక 30, 35 స్పీడు దాటొద్దు. తారు రోడ్డు రాగానే మళ్లీ నింపుకోవాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. దీనికి సిగరెట్ సాకెట్‌లో పెట్టే బొమ్మ కంప్రెసర్ పనికిరాదు, బ్యాటరీకి క్లిప్పులు పెట్టే రకం కొనండి. మీరు వించ్‌కి అనుకున్న డబ్బులో పదో వంతు కూడా కాదు.

మడ్ టైర్లు ఎందుకు వద్దన్నానంటే, మీ ట్రిప్‌లో ముప్పావు వంతు తారు ఘాట్ రోడ్డే. తడిసిన ఘాట్ రోడ్డు మీద బ్రేకు కొట్టినప్పుడు మడ్ టైరు ఆల్ టెరైన్ అంత గట్టిగా పట్టుకోదు. తడిసిన ఎర్ర మట్టి మిట్ట మీద ఏ టైరూ పెద్దగా పట్టుకోదు, అది వేరే సంగతి. ఆ మట్టి పిండిలా టైరు గళ్లలో నిండిపోతుంది. ఆ తర్వాత మీ దగ్గరున్నవి టైర్లు కావు, నాలుగు నున్నటి మట్టి ముద్దలు.

ఇంకో చిన్న సంగతి. థార్‌లో వేరియంట్‌ని బట్టి వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ (ఒక చక్రం ఊరికే తిరిగితే రెండింటినీ కలిపి పట్టే ఏర్పాటు) ఉంటుంది, కొన్నింటికి బ్రేకుతో పని చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు మాత్రమే ఉంటుంది. మీది ఏదో ముందు పుస్తకంలో చూసుకోండి. మెకానికల్ లాక్‌కి బటన్ ఉండదు. రెండు వెనక చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే అదే పట్టుకుంటుంది. అందుకే ఒక చక్రం గాల్లో లేచినప్పుడు భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే అది పని చేయదు. నెమ్మదిగా, ఆపకుండా కొంచెం తొక్కి ఉంచాలి. 'టక్' మని శబ్దం వచ్చి బండి ముందుకు గుంజుతుంది. పక్క వాలులో ఆ గుంజుడికి తోక పక్కకి జారొచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. దీన్ని ఇంటి దగ్గర ఖాళీ స్థలంలో ఒక చక్రం కింద మట్టి తీసి రెండుసార్లు అలవాటు చేసుకోండి. కొండ మీద మొదటిసారి ఆ శబ్దం విని 'గేర్ బాక్స్ పోయింది' అని బండి ఆపేసి కూర్చున్నవాళ్లని చూశాను.

సగంలో ఆగిపోయిన మిట్ట గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. నేను చూసిన పెద్ద ప్రమాదాలన్నీ అక్కడే మొదలయ్యాయి. ఎక్కుతూ ఎక్కుతూ ఇంజిన్ ఆగిపోతుంది. అప్పుడు అందరూ చేసే పని క్లచ్ తొక్కి, బ్రేకు మీద కాలేసి, స్టీరింగ్ తిప్పి వెనక్కి దొర్లించడం. బండి అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగితే పక్కకి దొర్లుతుంది. చేయాల్సింది ఇది: బ్రేకు గట్టిగా తొక్కండి, హ్యాండ్ బ్రేకు లాగండి. ఫోర్ లోలోనే ఉండి రివర్స్ గేరు వేయండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, హ్యాండ్ బ్రేకు దించి, క్లచ్ పూర్తిగా వదులుతూనే నెమ్మదిగా కాలి బ్రేకు వదలండి. ఇంజినే బండిని పట్టుకుని వెనక్కి తీసుకెళ్తుంది. స్టీరింగ్ సూటిగా. అద్దాల్లో చూస్తూ, కింద నిలబడ్డ మనిషి చెప్పినట్టు. మధ్యలో క్లచ్ తొక్కొద్దు, అడ్డంగా తిప్పొద్దు. కింది దాకా వచ్చేశాక ఇంకో పక్క నుంచి మళ్లీ ప్రయత్నించొచ్చు.

దిగడానికీ అదే సూత్రం. ఫోర్ లో, మొదటి గేరు, క్లచ్ మీంచి కాలు తీసేయాలి. వెనక జారుతున్నట్టు అనిపిస్తే బ్రేకు కాదు, కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వాలి. చక్రం తిరిగితేనే స్టీరింగ్ మాట వింటుంది. మొదటిసారి ఇది చేయడానికి మనసొప్పదు, నాకూ ఒప్పలేదు.

తారు మీదికి రాగానే టూ హైకి (వెనక చక్రాలకే పవర్ ఇచ్చే గేరుకి) మార్చడం మర్చిపోకండి. థార్‌కి మధ్య డిఫరెన్షియల్ లేదు, ఆరిన తారు మీద ఫోర్ బై ఫోర్‌లో మలుపు తిప్పితే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. ఘాట్ రోడ్డంతా మలుపులే కదా.

ఇక ఆగస్టు ఎందుకు వద్దు. మావైపు కొండ వాగుని గెడ్డ అంటాం. ఉదయం మోకాలి కింద ఉన్న గెడ్డ, పైన ఎక్కడో కొండ మీద గంట వాన పడితే మధ్యాహ్నానికి నడుము దాకా వస్తుంది. మీరున్న చోట చినుకు కూడా పడి ఉండకపోవచ్చు. ఒక సెప్టెంబరులో ఉదయం నవ్వుతూ దాటిన గెడ్డ, సాయంత్రం మూడింటికి వస్తే ఎర్రగా పొంగుతూ కనిపించింది. మాతో వచ్చిన ఒకాయన 'స్నార్కెల్ ఉంది కదా, పదండి' అన్నాడు. ఊళ్లోవాళ్లు ఒక ఎండు దుంగ విసిరి చూపించారు. అది పుల్లలా కొట్టుకుపోయింది. ఆ రాత్రి బడి వరండాలో పడుకున్నాం. వాళ్లే రాగి అంబలి పెట్టారు. మర్నాడు పదింటికి నీళ్లు మళ్లీ మోకాలి కిందికి వచ్చాయి.

స్నార్కెల్ చేసేది ఒక్కటే, ఇంజిన్ గాలి పీల్చుకునే చోటు పైకి మార్చడం. బండి బరువు పెంచదు, ప్రవాహాన్ని ఆపదు. కదలని నీళ్లలో 650 మిల్లీమీటర్లు వేరు, పారే నీళ్లలో అదే లోతు వేరు. టైర్లు నిండా గాలి ఉన్న డబ్బాలు. నీళ్లు బాడీకి తగిలే ఎత్తు రాగానే బండి తేలికై పక్కకి జరగడం మొదలెడుతుంది. నా నియమం సులువైంది: ముందు నడిచి దాటాలి. నడవడానికి భయం వేసిన నీళ్లలోకి బండి దిగదు. పారే నీళ్లు మోకాలు దాటితే అక్కడే ఆగి టీ పెట్టుకుంటాం.

స్నార్కెల్ వేయించారు కాబట్టి ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పైన గాలి మూతిని అట్టముక్కతో పూర్తిగా మూసేయండి. ఒక్క క్షణంలో ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకపోతే మధ్యలో ఎక్కడో గాలి లాగుతోంది, రేపు నీళ్లూ అక్కడి నుంచే లాగుతుంది. నా మొదటి స్నార్కెల్ వేసిన షాపువాళ్లు కింద గొట్టం దగ్గర సీల్ వేయకుండా పంపారు. నీళ్ల దాకా రాకముందే దుమ్ము పోయి ఫిల్టర్ లోపలివైపు కూడా ఎర్రగా అయింది. ఇంకొకటి, వెనక డిఫరెన్షియల్‌కి గాలి ఆడడానికి ఒక చిన్న బ్రీదర్ గొట్టం ఉంటుంది. వేడి మీదున్న డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, ఆ గొట్టం నుంచో సీల్ నుంచో నీళ్లు లాక్కుంటుంది. గెడ్డ ముందు పది నిమిషాలు ఆగి చల్లారనివ్వండి. తిరిగొచ్చాక ఆయిల్ ఒక చుక్క చూడండి. పాలు పోసిన టీ రంగులో ఉంటే వెంటనే మార్పించాలి.

ఒకవేళ నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే ఆ ఒక్క సెల్ఫ్‌తో కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. బయటికి లాగించి చూసుకోవడమే.

ఆగస్టు వద్దనడానికి ఇంకో కారణం ఉంది, అది మీ బండికి సంబంధించింది కాదు. ఈ దారులు మనకి సరదా. అక్కడివాళ్లకి అవే ఉన్నవి. సంతకి వెళ్లే కమాండర్ జీపు, రేషను బండి, నెలలు నిండిన మనిషిని దించే బండి, అన్నీ అక్కడి నుంచే. దారి లేని చోట ఇప్పటికీ డోలీ కట్టి మోస్తారు. ఒకసారి వానాకాలంలో మేం ఆరు బండ్లు వరసగా ఒక గూడెం మిట్ట ఎక్కాం, గాడి మోకాలి లోతు పడింది. రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్తే ఒక పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టాడు. 'మీరు పోయాక సంత జీపు ఎక్కలేదు బాబూ, బస్తాలు మోసుకున్నాం' అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అప్పటినుంచి జూన్ నుంచి నవంబరు దాకా మట్టి దారుల జోలికి పోవడం లేదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు వస్తే ఆ మట్టి ఆరడానికి ఇంకో నెల పడుతుంది. అందుకే డిసెంబరు సగం అన్నాను.

కమాండర్ జీపుల మాట వచ్చింది కాబట్టి, వాళ్ల దగ్గర నేర్చుకోండి. వాటిలో చాలావాటికి ముందు చక్రాలకి పవర్ కూడా ఉండదు. లోపల, పైన, వెనక కలిపి మనుషులు నిండుగా ఉంటారు. అయినా మనం ఫోర్ లో వేసి తంటాలు పడే చోట ఎక్కేస్తారు. ఎందుకంటే ఆ డ్రైవరుకి ప్రతి రాయీ తెలుసు, తెలియని చోట దిగి చూస్తాడు. గుంత ఉంటే క్లీనరు రాళ్లు పేరుస్తాడు, కష్టమైన చోట జనాన్ని దించి నడిపిస్తాడు. మేం బండిలో కూర్చుని యాక్సిలరేటర్‌తో తేల్చుకోవాలని చూసే వయసులో, ఒక జీపు డ్రైవరు దిగి మా చక్రం ముందు నాలుగు రాళ్లు పెట్టి, 'ఇప్పుడు రండి' అన్నాడు. టైరు చుట్టు కూడా తిరగకుండా ఎక్కేసింది. దారి కట్టుకోవడానికి సిగ్గు పడకండి. వెళ్లాక రాళ్లు పక్కన పెట్టేయండి.

ఇక వించ్. అది ముందు బంపరు మీద అదనంగా 40 కిలోల చుట్టుపక్కల బరువు. లాగడానికి ఎదుట చెట్టో పెద్ద రాయో కావాలి. పాడేరు, అరకు వైపు దారి పక్కన కనిపించే చెట్లలో చాలా భాగం కాఫీ తోటల సిల్వర్ ఓక్. వాటికి మిరియాల తీగ పాకించి ఉంటుంది. అది ఒక కుటుంబం ఏడాది సంపాదన. దానికి వైరు చుడతామా? తోడు బండి ఉంటే నూటికి తొంభైసార్లు ఒక మంచి కైనెటిక్ తాడు, రెండు షాకిళ్లు (తాడుని బండి కొక్కేనికి తగిలించే ఇనుప కొలికిలు) చాలు. తాడు సాగే రకమే తీసుకోండి, లారీల ఇనుప గొలుసు కాదు. షాకిల్ మీద బరువు ముద్ర వేసి ఉండాలి. 3.25 టన్నులు చాలు, 4.75 అయితే నిశ్చింత. తాడు కట్టేది బండికి కంపెనీ ఇచ్చిన కొక్కేలకే. ట్రాలీ తగిలించే బంతికి మాత్రం ఎప్పుడూ కట్టకండి. అది విరిగితే ఫిరంగి గుండే, అద్దం చీల్చుకుని లోపలికి వస్తుంది. లాగేటప్పుడు తాడు మధ్యలో తడి గోనెసంచి వేయండి, మనుషులంతా తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలి. వీడియో తీసే స్నేహితుడు కూడా. ముఖ్యంగా వాడు.

నా బండిలో ఎప్పుడూ ఉండేవి ఇంకొన్ని: పార, గడ్డపార, జాకీ కింద పెట్టడానికి అడుగు చదరం చెక్క (మెత్తటి మట్టిలో జాకీ కిందికి దిగుతుంది గానీ బండి పైకి లేవదు), టైరు పంచర్ కిట్, పదిహేను లీటర్ల నీళ్లు. టైరు పక్క గోడ చిరిగితే పంచర్ కిట్ పని చేయదు. మీ 18 అంగుళాల రిమ్ముకి టైరు గోడ ఎత్తు సుమారు 166 మిల్లీమీటర్లే. అదే 16 అంగుళాల రిమ్ము మీద 245/75 టైరుకి 184. రాళ్ల దారులు మీకు నిజంగా అలవాటైతే, అప్పుడు టైర్లు మార్చేటప్పుడు చిన్న రిమ్ము గురించి ఆలోచించండి. లిఫ్ట్ కంటే అది మంచి ఖర్చు.

తోడు బండి థారే కానక్కర్లేదు. మాతో మారుతి జిమ్నీ ఒకటి వస్తుంది. నేల నుంచి ఎత్తు మనకంటే తక్కువే, 210 మిల్లీమీటర్లు. కానీ బరువు 1,200 కిలోల చుట్టుపక్కలే కాబట్టి మనం దిగబడే బురదలో అది పైపైన పోతుంది. రియర్ వీల్ డ్రైవ్ (వెనక చక్రాలకే పవర్ ఉండే) థార్ ఉన్న స్నేహితుడు 'నాదీ థారే కదా' అని బయల్దేరితే మాత్రం ఆపండి, లేకపోతే రోజంతా వాణ్ని లాగడమే మీ ఆఫ్‌రోడింగ్.

అనుమతుల సంగతి చిన్నదిగా చూడొద్దు. మారేడుమిల్లి చుట్టూ చాలా భాగం రిజర్వు ఫారెస్ట్, పక్కనే పాపికొండ నేషనల్ పార్కు. మ్యాప్‌లో గీత కనిపించినంత మాత్రాన అది మీరు వెళ్లదగిన దారి కాదు. వన్యప్రాణి రక్షణ చట్టం 1972 నుంచీ ఉంది, అనుమతి లేకుండా పార్కులోకి బండి దింపితే కేసే. చెక్‌పోస్టులో అడగండి. వద్దంటే వెనక్కి తిరగండి. ఊళ్ల మధ్య దారులకి ఆ గొడవ తక్కువ, కానీ ఊరు దాటేటప్పుడు ఆగి ఎవరినైనా పలకరించండి. ముందు దారి ఎలా ఉందో మ్యాప్‌కి తెలియదు, వాళ్లకి తెలుసు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఇంట్లో ఒకరికి దారి రాసి ఇచ్చి, ఫలానా టైముకి ఫోన్ రాకపోతే ఏం చేయాలో చెప్పి వెళ్లండి.

మార్పుల మీద చట్టం కూడా తెలుసుకోండి. ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అలాంటి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ముందు ఇనుప క్రాష్ గార్డులు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే చెప్పింది. వించ్ కోసం బంపరు మార్పిద్దామనుకునే ముందు ఇది గుర్తుంచుకోండి. ఇన్సూరెన్స్‌వాళ్లకి కూడా మీ లిఫ్ట్ గురించి రాతపూర్వకంగా చెప్పండి. నీళ్లు పోయి ఇంజిన్ పాడైతే మామూలు పాలసీలో రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ విడిగా తీసుకోవాలి.

చివరికి ఎల్ఈడీ బార్. రోడ్డు మీద దానికి మూత ఉండాలి, వేస్తే ఎదుటివాడి కళ్లు పోతాయి. డిసెంబరులో లంబసింగి వైపు వస్తారు కాబట్టి ముందే చెప్తున్నాను: ఆ పొగమంచులో పైనున్న బార్ వేస్తే బానెట్ ముందు తెల్ల దుప్పటి ఆరేసినట్టు కనిపిస్తుంది, దారి అసలే కనిపించదు. అక్కడ పనికొచ్చేది బంపరు కింద ఉండే ఫాగ్ ల్యాంపులు, డిమ్ లైటు, ఇరవై స్పీడు. తేదీలు ఖాయమయ్యాక, వీల్ అలైన్‌మెంట్ రిపోర్టు, బండి కింద నుంచి తీసిన రెండు ఫొటోలు ఇక్కడ పెట్టండి. లిఫ్ట్ ఏ రకమో చూసి ఏ దారి పట్టుకోవాలో చెప్తాను.